దిమ్మిస కొట్టిన నేల

జమాదారు రామ్‌దయాల్ తలుపు తట్టే మనిషి కాదు, చేతికర్రతో బాదే మనిషి. ఆ బాదుడు చెవిన పడగానే కనకం చేతిలో ఉన్న బొరిగెను వంగ మొక్కల మధ్యకు విసిరేసి, చేతుల మట్టి చీరకు తుడుచుకుని, పెరటి తలుపు ఓరగా తెరిచి అడ్డంగా నిలబడింది. అడ్డంగా నిలబడితే మాత్రం దాగేదేముంది? ఆనప తీగ వంటింటి పెంకుల మీదికి ఎక్కి కూర్చుంది. చిక్కుడు పందిరి ఆమె తలకన్నా ఎత్తున్నది. గుమ్మడి పాదు గోడ పట్టక సందులోకే ఒక కొమ్మ చాచింది. ఇంత పచ్చదనాన్ని ఒక్క ఆడమనిషి నడుం వెనక దాచడం ఎవరి తరం?

కార్తీక మాసం. వానలు వెనకపట్టి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎక్కడ చూసినా మలేరియా గ్యాంగు వాళ్ళు నీటి గుంటల మీద నూనె చల్లుతూ తిరిగే రోజులు. యుద్ధం మొదలైన దగ్గరనుంచి గూడ్సు బళ్ళు ఎక్కువయ్యాయి, బజారులో కూరలు తక్కువయ్యాయి. పక్క ఊరు మంగ్లా నుంచి గంపలతో వచ్చే కూరగాయలు పట్టాలు దాటకముందే మిలిటరీ కాంట్రాక్టరు బండిలోకి ఎక్కిపోతున్నాయి. అయినా కాలనీలో పాత రూలు పాత రూలే. క్వార్టర్ల దగ్గర మోకాలి ఎత్తు దాటి ఏ పైరూ పెరగకూడదు, స్నానాల నీళ్ళు సైడు కాలవలోకే పోవాలి తప్ప పాదులోకి మళ్ళకూడదు. పచ్చదనంలో దోమ దాక్కుంటుందట. ఆఫీసర్ల బంగళాల్లో గులాబీ మళ్ళకు మాలీలు పూటపూటా తోడిపోసే నీళ్ళల్లోకి దోమ ఎందుకు రాదో ఆ రూలు రాసినవాళ్ళు ఎక్కడా రాయలేదు.

"ఇత్వార్ కో బడా సాహబ్ ఆయేగా," అన్నాడు రామ్‌దయాల్, ఆమె భుజం మీంచి లోపలికి చూస్తూ. "పీఛే కా సబ్ దేఖేగా. తుమ్హారా నామ్ లిఖా హై."

ఆదివారం పెద్దదొర వస్తాడు, పెరళ్ళు చూస్తాడు, తన పేరు రాసుకున్నారు. ఆ మాత్రం హిందీ కనకానికి బాగానే వచ్చు. 

"కౌన్ బోలా? నా పేరు కౌన్ బోలా?"

రామ్‌దయాల్ ఎవరు చెప్పారో చెప్పకుండానే పక్క సందువైపు తిరిగాడు. తెలుగువాళ్ళ క్వార్టర్ల లైను మొత్తం అతను చెప్పుకుంటూ పోవాలి. కర్ర చివరతో పక్కింటి గోడవైపు చూపించి, "పడోసన్ సే పూఛో," అని వెళ్ళిపోయాడు.

పక్కింటామెనే అడుగు అన్నాడు. కనకం ఆ గోడవైపు చూసింది. గోడ అవతల మంగాయమ్మ మేకకు కుడితి పోస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

అడగడానికి ఇంకేముంది? కిందటి వారమే ఆ మేక గోడ దూకి వచ్చి చిక్కుడు చివుళ్ళు నాకేసింది. కనకం ఒళ్ళు మండి పొయ్యిలో పెట్టబోయే కర్ర విసిరితే దాని వెనక కాలికి తగిలింది. మేక కుంటుకుంటూ పోయింది. మంగాయమ్మ గోడ దగ్గరికి వచ్చి, "నోరు నేని జీవాన్ని అలగ కొడతావేటి? పిల్లల్ని పెంచినదానివైతే తెలుసును!" అన్నది. ఆ మాట అనేశాక మంగాయమ్మే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని, నోరు దాటిన మాట చేతికి ఆగుతుందా? కనకం లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజునుంచి ఆ గోడ మీద మళ్ళీ మాట కలవలేదు.

మేక కాలికి ఇలా బదులు తీర్చుకుంది కాబోలు. 

మూడేళ్ళ కిందట ఒకసారి ఇలాగే పేరు రాసుకున్నారు. ఇదే రామ్‌దయాల్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, పొద్దు తిరిగేలోపల పెరడంతా పీకించి, కనకం కళ్ళముందే సందులో కుప్ప పోయించాడు. ఇంకోసారి కనబడితే క్వార్టరు ఖాళీ చెయ్యాలని ఆఫీసులో ఆమె పెనిమిటికి చెప్పి పంపారు. ఆ తర్వాత కొన్నాళ్ళు కనకం బుద్ధిగానే ఉంది. కాని వానాకాలం వచ్చి నేల మెత్తబడితే ఆమె చేతులు ఊరుకోవు. మొదట ఒక గోంగూర మడి. తర్వాత రెండు వంగ మొక్కలు. చివరికి స్నానాల గది తూము దగ్గర ఒక ఇటుక అడ్డం పెట్టి, నీళ్ళు మళ్ళించి, ఎవరైనా వస్తున్నట్టు తెలిస్తే ఆ ఇటుక తీసి దాచే పనితనం కూడా అబ్బింది.

ఎందుకంత తాపత్రయం అంటే కూరల కోసం కాదు. ఇద్దరే మనుషులు. అందులో ఒకడు గూడ్సు డ్రైవరు. అతను నెలలో సగం పైగా రన్నింగు రూముల్లోనే తిని పడుకుంటాడు. కనకం ఒక్కర్తీ తినే కూర ఎంత? ఆ మొక్కలు ఉన్నాయి గనక లైనులో ఆడవాళ్ళు ఆమె గోడ దగ్గర ఆగుతారు. "కనకమొదినా, రెండాకులు గోంగూర ఎయ్యి", "వొదినా, ఓ లేత ఆనపకాయుంటే సూడు" అంటారు. కాయ కోసేదాకా నాలుగు మాటలు చెబుతారు. కొంగులో వేసుకుని వెళ్ళేటప్పుడు ఇంకో రెండు మాటలు. ఆ మాటలే ఆమెకు ఆ రోజు దక్కిన మాటలు. పెరడు లేకపోతే ఆ గోడ దగ్గర ఎవరికీ పని లేదు.

మర్నాడు పొద్దున్నే మంగాయమ్మ గోడ మీదినుంచి పిలిచింది.

"వొదినా! ఓ కనకమొదినా! ఒక్క మాట."

కనకం అప్పుడే కుండ కడుగుతోంది. తల ఎత్తలేదు. కుండలో గుప్పెడు బూడిద వేసి ఇంకా గట్టిగా తోమింది.

"నిన్నే. జమాదారొచ్చి సెప్పినాడు గదా? అదేటంటే..."

కనకం కుండ బోర్లించి లేచి లోపలికి వెళ్ళిపోయింది. చెప్పడమొకటీ, చెప్పి మళ్ళీ ఓదార్చడానికి రావడమొకటీ. కొందరికి సిగ్గుండదు అనుకుంది. మంగాయమ్మ ఇంకాసేపు గోడ దగ్గర నిలబడి ఉంటుంది. ఎంతసేపో కనకం చూడలేదు. మళ్ళీ మధ్యాహ్నం కొళాయి దగ్గర ఎదురైంది. మంగాయమ్మ బిందె దించి నోరు తెరవబోయింది. కనకం తన వంతు వదులుకుని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాంతో మంగాయమ్మకూ పౌరుషం వచ్చింది. ఇంక పిలవలేదు.

ఆ సాయంత్రం ఆదినారాయణ కట్నీ వైపునుంచి వచ్చాడు. మొహం నిండా మసి, కళ్ళల్లో నిద్ర. పెట్టె గుమ్మంలో దించి, స్నానం చేసి, పీట మీద కూర్చున్నాడు. కనకం అన్నం వడ్డించి, వంకాయ కూర వేసి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏటే, మొకం అలగున్నాది?"

"ఆదివారం దొరొస్తాడంట. పెరళ్ళు సూస్తాడంట. మన పేరు రాసుకున్నారంట."

అతని చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మల్లీనా? ఎవులు సెప్పినారు?"

"ఎవులైతే ఏటి?" అని, గోడవైపు కళ్ళు తిప్పి, "మేక్కాలు ఇరిగినోళ్ళు," అన్నది.

"మంగాయమ్మా? ఛ, ఛ. జగన్నాథం పెళ్ళాం అలాటి పని సెయ్యదు. ఒక పాలి అడిగి సూడు."

"దాని మొకం సూడను."

ఆదినారాయణ ముద్ద మింగాడు. మంచివాడే. కాని నిద్ర కళ్ళమీదికి వచ్చినవాడు ఎవరి మంచి గురించి ఎంతసేపు వాదిస్తాడు? "సరే, అడక్కు. అయితే పీకీ. ఉన్నదంతా పీకీ," అన్నాడు. "దొరొచ్చేసరికి ఒక్క ఆకు కనబడకూడదు. యుద్ధం రోజులు. క్వార్టరు పోతే బయట కొంపెక్కడ దొరుకుతాది? కోనీ వైపు గుడిసెలకి కూడా జనం కొట్టుకుంటున్నారు."

"చిక్కుడింకా పిందెలే. ఆనప మొన్నే కాపుకొచ్చినాది."

"పిందెలని జాలిపడతారేటి ఆళ్ళు?" అన్నాడు. చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. చీకటి పడేసరికి డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ వచ్చి గుమ్మంలో పేరు పెట్టి కేకేశాడు. ఆదినారాయణ లేచి, మళ్ళీ పెట్టె భుజానెత్తుకుని, గుమ్మం దిగుతూ, "నీ సేత్తో నువ్వే పీకితే మేలు కనకం. ఆళ్ళు పీకితే సూళ్ళేవు," అన్నాడు.

ఆ మాట నిజమే. అందుకే అది ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది.

శనివారం పొద్దున్న కనకం పని మొదలుపెట్టింది. ముందు ఎత్తుగా ఉన్నవి. చిక్కుడు పందిరికి కట్టిన తాళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. కొడవలితో కోసేస్తే క్షణంలో అయిపోయేది. కాని తాళ్ళు తనే పేనుకున్నవి, వాటిని కొయ్యడానికి చెయ్యి రాలేదు. విప్పిన తాడు విప్పినట్టు చుట్ట చుట్టి పక్కన పెట్టింది. గుంజలు ఊడదీసింది. తీగ నేల మీద పడ్డాక దానిమీద ఊదారంగు పూలు ఇంకా నిలబడే ఉన్నాయి. తీగ పడ్డ సంగతి వాటికి ఇంకా తెలియదు. కనకం పిందెలు కోసి చేటలో వేసింది. అంత లేత పిందెలు కూరకైనా పనికిరావు, అయినా కోసింది.

తర్వాత బల్ల ఎక్కి పెంకుల మీద ఆనప తీగను పట్టి లాగింది. నులితీగలు పెంకుల సందుల్లో చుట్టుకుని రానంటే రానన్నాయి. గట్టిగా లాగితే పెంకు కదిలింది. ఇంక గోటితో ఒక్కొక్క నులి తెంపుకుంటూ పోయింది. అరచెయ్యంత కాయలు నాలుగైదు, నూగు ఇంకా ఆరనివి, ఆమె ఒళ్ళో పడ్డాయి. బల్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఎవరికీ వినబడకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింట్లో మంగాయమ్మ మనవరాలికి జడ వేస్తూ ఏదో చెబుతోంది. ఆ పిల్ల నవ్వుతోంది. లైనంతా ఎవరి గోల వాళ్ళది.

వంగ మొక్కలు వేళ్ళతో సహా వచ్చాయి. మన్ను ఎంత గుల్లగా ఉందంటే, చూపుడు వేలు, బొటనవేలు చాలు. అన్నేళ్ళు బూడిద, పేడ, కూరల తొక్కలు వేసి తను మెత్తన చేసిన మన్ను. గోంగూర, బచ్చలి, చివరికి గోడ వారనున్న రెండు మిరప మొక్కలు. వాటి దగ్గర కాస్త ఆగింది. మోకాలి ఎత్తుకూడా లేవు, రూలు ప్రకారం ఉండొచ్చు. కాని రాసుకున్న పేరు మీద రూలు ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు? వాటినీ పీకింది.

కుప్ప గోడంత ఎత్తయింది. అవతల మేక వాసన పట్టి, ముందుకాళ్ళు గోడమీద పెట్టి, మెడ సాచి అరిచింది. దాని వెనక కాలికి ఇంకా పసుపు గుడ్డ కట్టి ఉంది. ఒక్క చేరెడు ఆకు విసిరితే దాని నోరు మూతపడేది. కనకం విసరలేదు. కుప్పనంతా గంపతో ఎత్తి, ఎన్నిసార్లో తిరిగి, కాలవ అవతల బొగ్గు మసి పోసేచోట పారబోసి వచ్చింది. మేక అరుస్తూనే ఉంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ అరుపు వింటుంటే లోపల ఎక్కడో ఒక చెడ్డ సంతోషం కలిగింది. ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యమూ వేసింది. అయినా ఆకు విసరలేదు.

తర్వాత నేల. గుల్లగా ఉన్న నేలను చూస్తే ఇక్కడేదో ఉండేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. కనకం గట్లు పారతో చదును చేసి, నీళ్ళు చిలకరించి, స్నానాల గది వెనకనున్న దిమ్మిస తెచ్చింది. కొత్తగా క్వార్టరులో దిగినప్పుడు గుమ్మం ముందు నేల గట్టిపరచడానికి చేయించుకున్న దిమ్మిస అది. రెండు చేతులా ఎత్తి కొట్టింది. దమ్, దమ్. గుల్ల మన్ను ఒక్కో దెబ్బకు ఒక్కో అంగుళం దిగింది. మధ్యాహ్నం దాటేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దు వాలేసరికి నేల గచ్చంత గట్టిపడింది. దానిమీద పేడ అలికింది. అలుకు ఆరాక, అంత బోడి నేల చూడలేక, ముగ్గుబుట్ట తెచ్చి నడిమధ్య ఒక పద్మం వేసింది. దొర చూసినా, "శుభ్రమైన ఇల్లు" అనుకుంటాడు.

ఆ పూట పిందెల కూర వండింది. చేదుగా ఉంది. గోడ దగ్గరికి ఎవరూ రాలేదు. రాత్రి గాలికి పెంకుల చప్పుడు తప్ప, పెరట్లో ఆకు కదిలిన చప్పుడు లేదు. మూడేళ్ళ కిందటి ఆ కొన్నాళ్ళు తప్ప, పెరడు అలా ఏ చప్పుడూ లేకుండా ఉండగా ఆమె ఎప్పుడూ పడుకోలేదు.

ఆదివారం ఎండెక్కే వేళకు దొర వచ్చాడు. తెల్ల టోపీ, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. వెనక కాలనీ ఆఫీసు గుమాస్తా శంకరరావు, ఆ వెనక రామ్‌దయాల్. రామ్‌దయాల్ చేతిలో కర్ర లేదు. దాని బదులు ఒక గంప ఉంది. గంపలో తడి గోనెపట్టాలో చుట్టిన నారు కట్టలు, పొట్లాలు. అందరికంటే వెనక లైనులో ఆడవాళ్ళు నలుగురైదుగురు, వాళ్ళలో మంగాయమ్మ. మంగాయమ్మ నేత చీర కట్టుకుంది, పండగకు కట్టేది.

కనకం పెరటి తలుపు బార్లా తీసి పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడింది. ఈసారి దాచేదేమీ లేదు.

దొర లోపలికి రెండడుగులు వేసి ఆగాడు. ముగ్గు మీద కాలు పడింది. కిందికి చూసి కాలు తీశాడు, మర్యాద తెలిసినవాడే. చుట్టూ చూశాడు. పెంకుల మీదికి చూశాడు. శంకరరావు వైపు తిరిగి ఏదో అడిగాడు. శంకరరావు చేతిలో కాగితం చూసి, ఇంటి నెంబరు చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"అమ్మా, ఆదినారాయణ గారి క్వార్టరు ఇదేనా?"

"ఇదే బాబూ."

"మరి తోట ఏది?"

కనకానికి అర్థం కాలేదు. "నేదు బాబూ. ఒక్క మొక్క కూడా నేదు. సూసుకోండి. నీళ్ళు కూడా కాలవలోకే ఒదిలినాను."

శంకరరావు కాగితం మడిచాడు. సన్నటి మనిషి, ఎవరికీ చేదు కబురు చెప్పలేని రకం. గొంతు తగ్గించి చెప్పాడు. "రూలు మారిందమ్మా. తిండి గింజలకు కరువొచ్చింది కదా. పెరళ్ళల్లో కూరలు వెయ్యాలని పైనుంచి ఆర్డరు. విత్తనాలు మేమే ఇస్తాం, నీళ్ళు వాడుకోవచ్చు. బాగా పండించిన పెరడు ఎవరిదో చూసి బహుమతి కూడా ఇస్తారు. ఇన్‌స్టిట్యూటు క్లబ్బు బోర్డుకి అంటించి పక్షమైందే! మీకెవరూ చెప్పలేదా?"

బోర్డు మీది ఇంగ్లీషు చదివే ఆడది ఆ లైనులో ఎవరుంది? చదివే మగవాళ్ళు బోర్డు దగ్గరికి పోయే తీరికలో ఉంటేగా.

"నా పేరు..." అంది కనకం.  "నా పేరు రాసుకున్నారన్నారు గదా బాబూ?"

"మరే. మొన్న ఇన్‌స్టిట్యూటులో ఆడవాళ్ళ మీటింగు పెట్టాం, మీరు రాలేదు. అందులో ఎవరి పెరళ్ళు చూడాలని అడిగితే, మంగాయమ్మ గారే కదా లేచి నిలబడి చెప్పారు. తోటంటే మా కనకం వొదిన తోట, ముందు అది చూడండి, ఆ తర్వాత మిగతావి చూడబుద్ధి కాదు అని. మా దొరకి అదే మాట చెప్పి తీసుకొచ్చాను."

కనకం తల తిప్పలేదు. తిప్పితే మంగాయమ్మ కనబడుతుంది. వెనకనుంచి ఎవరో, "ఓలమ్మో, నిన్ననే కదే పీకేసింది, సూసినాను, కొత్త నారెయ్యడానికనుకున్నాను," అన్నారు. 

దొరకు ఈ ఆలస్యం విసుగు తెప్పించింది. మడమతో నేలను తట్టి చూశాడు. నేల ఠంగుమంది. ఏదో అన్నాడు. శంకరరావు ఇబ్బందిగా కదిలాడు.

"ఏటంటారు బాబూ?"

"శుభ్రంగా ఉందంటున్నారమ్మా. చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు." మడిచిన కాగితం మళ్ళీ విప్పాడు. "కాని ఇలా ఖాళీగా పెట్టకూడదట. కొత్త ఆర్డరులో ఒక ముక్క ఉంది. పెరడు బోడిగా వదిలేస్తే, దాన్ని పక్కవాళ్ళకు పండించుకోమని ఇచ్చెయ్యాలి."

మొక్కలున్నప్పుడు తప్పు, లేనప్పుడు తప్పు. కనకానికి నవ్వొచ్చినట్టయింది గాని అది నవ్వుగా బయటికి రాలేదు. "మీ కోసమే పీకినాను బాబూ," అంది. "దొరకి సెప్పండి. మీరొస్తారని నా సేత్తో నానే పీకినాను. ఈ జమాదారుని అడగండి, మూడేళ్ళ కిందట తనే కదా పీకించినాడు."

రామ్‌దయాల్ గంపలోని నారు సర్దుకుంటున్నాడు. శంకరరావు దొరవైపు తిరిగి ఒక ముక్క మొదలుపెట్టాడు. దొర గడియారం చూసుకుని, అర్థమైనట్టు తలూపి, పక్కింటివైపు నడిచాడు. శంకరరావు చెప్పబోయింది సగంలోనే పోయింది.

మంగాయమ్మ పెరట్లో నాలుగు బక్క వంగ మొక్కలున్నాయి. దొర వాటిని చూసి సంతోషించాడు. మేకను చూసి ముక్కు చిట్లించాడు. శంకరరావు గోడ దగ్గర నిలబడి, రెండు పెరళ్ళకూ వినబడేలా, "మంగాయమ్మ గారూ, ఆ పక్క పెరడు కూడా మీ పేరున రాయమంటారా? మీరు వద్దంటే అవతలి లైనువాళ్ళకు ఇస్తారు," అని అడిగాడు.

కనకం అప్పుడు చూసింది. మంగాయమ్మ మొహం గంటు పెట్టుకుని ఉంది. బోడి నేలవైపు చూసింది, చెదిరిన ముగ్గువైపు చూసింది, కనకం చేతుల్లోని బొబ్బలవైపు చూసింది.

"అచ్ఛా," అంది. "రాసుకోండి."

రాసుకున్నారు. రామ్‌దయాల్ ఒక నారు కట్ట, రెండు పొట్లాలు మంగాయమ్మ చేతిలో పెట్టాడు. గుంపు తర్వాతి ఇంటికి కదిలింది.

ఆ రోజంతా కనకం వీధి గుమ్మంలోనే కూర్చుంది. పెరటివైపు పోలేదు. ఆదినారాయణ ఎక్కడో శాడోల్ స్టేషను దాటి ఉంటాడు. అతను ఇక్కడున్నా చెప్పుకోవడానికేముంది? నువ్వు అడగమన్నావు, నేను అడగలేదు. అంతే. పొయ్యి వెలిగించలేదు. తనకు ఆకలైందో లేదో కూడా తెలియలేదు. తనకు మేలు చెయ్యబోయిన ఒక్క మనిషిని కొళాయి దగ్గర పదిమందిలో వదిలేసి వచ్చింది. ఆ మనిషే ఇప్పుడు తన నేల తీసుకుంది. అందులో అన్యాయమేముంది అని అడిగితే ఏమీ లేదు. 

సోమవారం తెల్లవారి కొళాయి కట్టేసే వేళకు వెనకనుంచి చప్పుడు వినబడింది. కనకం వంటింటి తలుపు తీసింది. మంగాయమ్మ చీర పైకి దోపుకుని, పెరటి నడిమధ్య నిలబడి పారతో కొడుతోంది. పార నేలలో దిగడం లేదు. ఎగిరి పక్కకు జారుతోంది. అలుకు పెచ్చులు లేస్తున్నాయి తప్ప మన్ను రావడం లేదు. పక్కన తడి గోనె కప్పిన నారు కట్ట ఉంది.

కనకం గుమ్మంలో నిలబడి చూసింది. తన ఇంటి గుమ్మంలో నిలబడి, తన పెరట్లో, తను కొట్టిన నేలను పరాయి మనిషి తవ్వుతుంటే చూడ్డం. లోపలికి పోదామా అనుకుంది. నాలుగు రోజులుగా చేస్తున్న పని అదేగా.

"పార కాదొదినా," అంది. "గునపం కావాల."

మంగాయమ్మ తల ఎత్తలేదు. ఇంకో రెండు దెబ్బలు వేసింది. ఊపిరి అందక పార ఆనుకుని నిలబడింది.

"ఎంత కొట్టినావే దీన్ని," అంది చివరికి. "రాయి సేసీసినావు."

"దొరొస్తాడని..."

"దొర గురించి కాదు." మంగాయమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. యాభై దాటిన మనిషి, మొహం ఎర్రబడిపోయింది. "పిల్లల మాటన్నాను. అన్నాక నాకు నిద్దరట్టనేదు. దాన్నెలగ సరిసెయ్యాలో తెల్నేదు. మొన్న మీటింగులో ఎవుల పెరడు బాగుంటాదంటే, లెగిసి నీ పేరు సెప్పినాను. జలమలో పదిమందిలో లెగిసి మాటాడనేదు నాను.  ఇంటికొచ్చి గోడకాడ పిలిసినాను. నువ్వు లోపలికెల్లిపోయినావు. దిమ్మిస సప్పుడిన్నప్పుడైనా మల్లీ పిలవాల్సింది, పౌరుషమడ్డొచ్చినాది."

కనకం గుమ్మం దిగి పెరట్లోకి వచ్చింది.

"ఎల్లిపోతే ఎల్లిపోయినావు. తిట్టాలనుంటే తిట్టీ. నానే సెప్పినానని అనుకున్నావు, బాగానే ఉన్నాది, నానే సెప్పినాను కూడాను. మరి ఏటని సెప్పినానో ఒక్క మాట అడగకూడదా? ఒక్క మాట అడగనేదు కనకం నువ్వు."  మంగాయమ్మ మళ్ళీ పార ఎత్తింది. "నిన్న అచ్ఛా అని ఏలన్నాననుకున్నావు? ఆ అవతలి లైనోళ్ళు ఈ గుమ్మం ముందు తిరుగుతుంటే నువ్వు సూళ్ళేవని. అదీ అడగవు నువ్వు. అనుకుంటావు."

పార జారింది. అలుకు పెచ్చు ఎగిరి మంగాయమ్మ పాదం మీద పడింది.

కనకం లోపలికి వెళ్ళింది. మంగాయమ్మ ఆ వీపు చూసి, పార కింద పడేసి, గోడవైపు తిరిగింది. అప్పుడు వంటింట్లోనుంచి ఇనుము గోడకు తగిలిన చప్పుడయింది. కనకం గునపం పట్టుకుని వచ్చి మంగాయమ్మకు ఎదురుగా నిలబడింది. బొబ్బలు చితికి గునపానికి తడి అంటుతోంది. 

"వొదినా," అంది. "నానూ తవ్వనా?"

"నీ పెరట్లో నువ్వు తవ్వడానికి నన్నడుగుతావేటే?"

"అడుగుతున్నాను."

 మంగాయమ్మ వంగి నారు కట్ట తీసి నీడలో పెట్టి, పక్కకు జరిగి చోటిచ్చింది.